పులిహోర చుట్టూ చేరిన రేడియోలు

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూనే ఎంటెక్‌లో చేరాలన్న సరదా నాది. దాని బరువు మోసింది మాత్రం మా ఇంటిల్లిపాదీ. టవరూ వైఫై లేనిచోట చిన్న రేడియో పెట్టెలు ఒకదాని నుంచి ఒకటి సందేశం అందుకుని చివరిదాకా చేరవేయాలి. అదీ నా ప్రాజెక్టు. పాత పద్ధతి ఎప్పుడూ దగ్గరి దారే వెతుక్కునేది. దూరంగా ఉన్న పెట్టెకు ఒక్క గెంతులో పంపబోయి సందేశాన్ని మధ్యలో పారేసుకునేది. కాస్త చుట్టు తిరిగినా సరే, సిగ్నల్ గట్టిగా ఉన్న పెట్టెల మీదుగా పంపాలని నా వాదన. అది పనిచేస్తుందని ఆ ఆదివారం మా ప్రొఫెసర్‌గారికి చూపించలేకపోతే ఈసారికి పట్టా లేనట్టే.

పెట్టెలు మోయడానికి మనుషులెక్కడ దొరుకుతారు? మా ఆయన, అత్తమ్మ, మామయ్య, ఆడపడుచు తలా ఒకటి పట్టుకుని ఖాజాగూడ బండల మధ్య తలో దిక్కుకూ వెళ్లారు. చెరువు వైపు చివర ఉన్న ఆడపడుచు పంపాలి, పైబండ మీద ప్రొఫెసర్‌గారితో కూర్చున్న నా లాప్‌టాప్‌కి రావాలి.

పంపినవన్నీ వచ్చేస్తున్నాయి, ఒక్కటీ పోలేదు. నా ముఖం వెలిగిపోతుంటే ప్రొఫెసర్‌గారి నుదురు ముడిపడింది.

"మరీ ఇంత బాగా రాకూడదమ్మా. పద, చూసొద్దాం."

బండ వెనక నీడలో నా నెట్‌వర్క్ మొత్తం గుండ్రంగా కూర్చుని పులిహోర తింటోంది. పెట్టెలన్నీ టిఫిన్ క్యారియర్ పక్కనే ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎండ కొడ్తుంటే జర కూసున్నం బిడ్డా" అంది అత్తమ్మ. "పెట్టెలైతే బందు చెయ్యలే. మంచిగనే నడుస్తున్నయ్ గద?"

ప్రొఫెసర్‌గారు పడీ పడీ నవ్వారు. తనూ ఇంత పులిహోర పెట్టించుకుని తిని, అందర్నీ ఎవరి చోటికి వాళ్లను తోలారు.

ఈసారి కొన్ని సందేశాలు వచ్చి, తర్వాతవి ఆగిపోయాయి. తెర మీద మామయ్య పెట్టె మాయమైంది. ఎవరో పాత స్నేహితుడు కనిపిస్తే మాటల్లో పడి రోడ్డు దాకా వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నా పై ప్రాణాలు పైకే పోయాయి. ఇక అయిపోయిందనుకుంటుండగా అత్తమ్మ పెట్టె నుంచి మా ఆయన పెట్టెకు కొత్త గీత పడింది. ఆగినవన్నీ ఆ చుట్టు దారిన గబగబా వచ్చేశాయి.

"ఇదమ్మా చూపించాల్సింది. థీసిస్ రాసి ఇచ్చెయ్" అన్నారు ప్రొఫెసర్‌గారు.

అంత సంతోషంలో ఏడుపు తన్నుకొచ్చింది నాకు. కింది నుంచి అది చూసిన అత్తమ్మ కొంగు దోపుకుని, పెట్టెతో సహా బండలన్నీ ఎక్కి వచ్చేసింది.

"ఏడుస్తున్నవేంది బిడ్డా? ఫెయిలైందా? ఫికర్ చెయ్యకు. వచ్చే ఐతారం మళ్ల వస్తం, అందరం వస్తం."

పాసయ్యానని తర్వాత చెప్పొచ్చులే అని, పెట్టెతో సహా అత్తమ్మను వాటేసుకున్నాను.