ఏటి మీదికి నెట్టిన నెపం

మునిరత్నమ్మకు నవలలు చదివే అలవాటు లేదు. తిరుచానూరులో లాడ్జీల సందు చివర చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది. వారపత్రిక చేతికొస్తే వంటల పేజీ చూసి మడిచేస్తుంది. అట్లాంటి మనిషి మరిది ధనంజయ రాసిన నవలను మాత్రం కుట్టుమిషను మీద పెట్టుకుని, వేలితో వరస వెంట వరస చదివింది. చదివేకొద్దీ ఏదో తిరకాసు ఉందనిపించింది.

నవలలో చచ్చిపోయేది ఆమె మొగుడే. పేరు మార్చాడు గానీ, చిన్నబ్బను ఎరిగినవాళ్లెవరైనా ఇట్టే పోల్చుకుంటారు. మోపెడ్ మీద చామంతి మూటలు, చెవి మీద బీడీ, నవ్వితే కనబడే విరిగిన పన్ను. స్వర్ణముఖి ఎన్నడూ లేనంతగా పొంగిన ఆ కార్తీకంలో, పూలు అంగళ్లకు వేసి అవతలి గట్టున ఉన్న పల్లెకు తిరిగొస్తూ, ఏటికి అడ్డంగా ఉన్న చప్టా మీద కొట్టుకుపోయాడు. బండి గట్టు మీదే దొరికింది. మనిషి మర్నాడు దిగువన తుమ్మచెట్ల దగ్గర దొరికాడు.

ధనంజయ తిరుపతిలో తెలుగు లెక్చరరు. అతని పుస్తకం నిండా ఏరే. ఎండిన ఏట్లో మేకలు మేస్తుంటాయి, పిల్లకాయలు క్రికెట్ ఆడుతుంటారు, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి ఇసుక తోలుకుంటుంటారు. ప్రతి అధ్యాయం చివరా ఒకటే మాట, "ఏరు తన దారి మర్చిపోదు." ఆవిష్కరణ సభలో ఒక పెద్దాయన దాని గురించే మాట్లాడాడు. ఆ ఎండిన ఏరు విధికి గుర్తట. మొదటి పేజీలోనే కథానాయకుడి చావు రాసిపెట్టి ఉందట. అతను ఎటు నడిచినా ఆ ఇసుకలోకే నడుస్తాడట, ఆపడం ఎవరి తరమూ కాదట. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఉన్న మునిరత్నమ్మ కొట్టలేదు. వేదిక మీద ధనంజయ తలొంచుకుని ఉన్నాడు. పొగడ్తకు సిగ్గుపడుతున్న వాలకం కాదది.

ఎవరి తరమూ కాదని ఇన్నిసార్లు ఎందుకు చెప్పాలి? గుమ్మడికాయల దొంగ ఎవరని అడక్కముందే భుజాలు తడుముకున్నట్టు లేదూ? పైగా నవలలో ఆ మనిషికి పెళ్లే కాలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన తనకు అందులో ఒక్క వాక్యమైనా దక్కలేదు. అన్న పోయిన కబురు విని సాయంత్రానికి వచ్చానని ధనంజయ అందరితో చెప్పాడు. ఆనాటి నుంచీ వదిన గడప తొక్కడం మానేశాడు. అన్నదమ్ముల మధ్య నాయన వదిలిపోయిన కాస్త పొలం, ఆ కయ్య తగువు ఉండనే ఉంది. అన్నీ ఒక దగ్గర పెట్టి చూస్తే ఆమెకు అన్నం సయించలేదు.

సోమవారం గదికి తాళం వేసి ఏటిగట్టుకు వెళ్లింది. చప్టా దగ్గర టీ అంగడి శకుంతలమ్మది. ఆ రోజు చిన్నబ్బను చివరగా చూసిందీ ఆమే.

"అక్కా, ఆ పొద్దు నా మొగుడు ఈడ ఒక్కడే ఉన్నాడా?"

శకుంతలమ్మ గ్లాసు కడుగుతూ ఆగింది. "ఇన్నాళ్లకు ఎందుకమ్మే అదంతా?"

"ఊరికే అడగతా ఉండా."

"ఒక్కడే యాడ? తమ్ముడు కూడా ఉన్నాడు కదా. బండి పట్టుకోని ఈ పక్క ఒకరు లాగితే ఆ పక్క ఒకరు, ఒకటే అరుపులు. వానలో మాటలు ఇనబళ్లా. నీకు తెలుసనుకుంటినే!"

మునిరత్నమ్మ ఇంటికి పోలేదు. అటునుంచి అటే బస్సెక్కి తిరుపతిలో ధనంజయ ఇంటి తలుపు కొట్టింది. అతను ఒక్కడే ఉన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పొద్దు నువ్వు సప్టా కాడ ఉన్నావంట."

"ఎవరు చెప్పినారు వదినా?"

"ఎవరు చెప్తే ఏమి? ఉన్నావా లేదా? కయ్య కోసం కొట్లాడుకున్నారా? తోసినావా నా మొగుణ్ణి?"

ధనంజయ గోడకు ఆనుకున్నాడు. "నీళ్లు తగ్గినాక పోదువులే అని బండి తాళం లాక్కున్నా వదినా. అప్పుడే నీ ఫోను వచ్చింది. వెనక గోడ ఉబ్బి ఉండాది, కరెంటు లేదు, ఒక్కదాన్నే ఉండా, వచ్చేయ్ అంటివి. వానకు ఇనబడదని స్పీకర్లో పెట్టినాడు."

ఇదైనా నిజమేనా అని ఆమె అతని మొహంలోకి చూసింది. కానీ ఉబ్బిన గోడ సంగతి ఆమె మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆ ఫోను సంగతే చెప్పలేదు. తను పిలిచేటప్పటికే బయల్దేరి ఉంటాడులే అని తనకు తాను నచ్చజెప్పుకుంటూ వచ్చింది. చెప్పుకుని చెప్పుకుని అదే నిజమనిపించింది.

"ఫోను పెట్టేసి నవ్వినాడు," అన్నాడు ధనంజయ. "'మీ వదిన గోడకు భయపడతా ఉంటే నేను ఏటికి భయపడేదా' అనె. తాళం ఇయ్యకపోతే నడిచి దిగినాడు. పట్టుకోబోతే విదిలించేసినాడు."

"అందుకని నన్ను పుస్తకంలోనించి తీసేసినావా?"

"ఊరి నోట్లో నువ్వు పడకూడదని. ఏటి మీదికి నెడితే ఎవరికీ నొప్పి లేదు కదా అనుకున్నా."

అప్పుడు కూర్చుంది మునిరత్నమ్మ. ఏడుస్తుందని అతను నీళ్లు తెచ్చాడు. ఆమె గ్లాసు ముట్టలేదు.

"ఆయనేమన్నా దుంగా, కొట్టుకోని పోయేదానికి?" అంది. "నువ్వు వద్దన్నావు. నేను రమ్మన్నా. నా మాటకు దిగినాడు. తప్పు నాదే, నేను మోసుకుంటాలే. నువ్వు రాసినదాంట్లో ఆయన కాళ్లు ఆయనవి కావు కదప్పా."

మర్నాడు తనే శకుంతలమ్మతో చెప్పింది, "నేనే పిలిచినా అక్కా" అని. ఆ మాట ఊరంతా తిరిగింది. కొందరు జాకెట్లు వేరే చోట కుట్టించుకున్నారు. పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చారు. ధనంజయ ఇప్పుడు గడప తొక్కుతున్నాడు, అన్నం పెడితే తింటున్నాడు.

రెండో ముద్రణకు అతను కొత్తగా ఒక పేజీ రాసి తెచ్చాడు. అందులో గట్టు మీద కథానాయకుడికి పెళ్లాం ఫోను చేస్తుంది. మునిరత్నమ్మ అనుమానంగానే చదివింది. ఆ పెళ్లాం, "నీళ్లు ఎక్కువుండాయి, రావద్దు" అంటోంది. ఆమె గుడ్డ మీద గీతలు పెట్టే పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేసింది. పైన "వచ్చేయ్" అని రాసి కాగితం వెనక్కిచ్చింది. ధనంజయ దాన్ని అట్లాగే అచ్చుకిచ్చాడు.