మా ఖాందాన్ కామెర్లు

నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు మెదక్‌లో మా ఇంటి గల్మ, అంటే వీధి గడప దగ్గర నాకొక పని ఉండేది... ఎవరొచ్చి "సరోజ ఏది?" అని అడిగినా "కామెర్లు" అని చెప్పడం.

సరోజ మా బాపు చెల్లెలు. నాకు చిన్నత్త. ఎక్కాలు నేర్పింది, చింతగింజలతో ఆడించింది ఆమే. ఇంటర్ రెండో ఏడాదిలో, ఒక వానాకాలం నుంచి కాలేజీకి పోవడం మానేసింది. లోపలి అర్రలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. జడ విప్పదు, వేయదు. పళ్లెంలో అన్నం అలాగే ఎండిపోయేది.

కామెర్లని చెప్పమన్నది పెద్దబాపు, మా బాపు అన్న. అప్పటికే ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. "మన ఖాందాన్‌ల గసొంటి బీమారి ఎవ్వలికీ లేదు. ఉన్నదంటే రేపు పిల్లనెవడు చేస్కుంటడు?" అన్నాడు. చిన్నపిల్లవాడు చెబితే జనం నమ్ముతారని నన్ను నిలబెట్టారు.

ఆ ఖాందాన్ ఎలాంటిదో చెబుతాను. పొద్దున లేస్తే పెద్దబాపు అరుపు. చారులో ఉప్పు తక్కువైతే గిన్నె వాకిట్లో పడేది. ఆడపిల్ల నవ్వితే పళ్లెందుకు బయటపెట్టావని అడిగేవారు. దీన్ని మర్యాద అనేవారు. అది భరించలేక ఎవరైనా మంచం పడితే, తప్పు మంచం పట్టిన మనిషిదే.

అబద్ధం అతకాలి కదా... చిన్నత్తకు నూనె, కారం బంద్ చేశారు. నాలుగు నెలలు చప్పిడి కూడు.

ఎదురింటి చాచీకి మాత్రం నిజంగానే జాలేసింది. "కుల్చారంల ఒకాయన ఉన్నడు, వాత పెడితే ఒక్కసారికే పోతయి" అంటూ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. పెద్దబాపు వద్దనలేకపోయాడు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

ఆయన చిన్నత్త కళ్లు తెరిచి చూశాడు. "కండ్లు పచ్చగ లేవు గద పటేలా?"

"లోపటి కామెర్లు. పెట్టు" అన్నాడు పెద్దబాపు.

చిన్నత్త తనే చేయి చాపింది. కాల్చిన ఇనుప చువ్వ ముంజేతికి ఆనించినప్పుడు ఆమె అరవలేదు. నేను అరిచాను. నన్ను బయటికి నెట్టి గొళ్లెం పెట్టారు.

మరుసటి ఏడు హవేలిఘనపూర్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. కామెర్లు తగ్గాయని ఊరందరికీ చెప్పారు.

నా భార్య పద్మ పోయి రెండేళ్లు. ఆమె ఉండగానే మా బిడ్డ మాట్లాడటం తగ్గించింది. డాక్టర్‌కు చూపిద్దామని పద్మ మూడుసార్లు అన్నది. వయసు అలాంటిది, అదే పోతుందన్నాను. డిగ్రీ చదివిన మనిషిని.

ఇప్పుడు బిడ్డకు పంతొమ్మిది. ఈసారి పరీక్షలు రాయలేదు. స్నానానికి లేవడం కూడా కష్టమైంది. మనసు జబ్బుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోతున్నానని తెలిసి పెద్దబాపు ఫోన్ చేశాడు. ఎనభై దగ్గర పడ్డాయి. గొంతు మాత్రం అదే.

"దవాఖానకు తీస్కపోయి ఇజ్జత్ తియ్యకు. గిది మన దిక్కుది కాదు. వాళ్లమ్మ దిక్కుదే."

చనిపోయిన మనిషి మీద వేయడం తేలిక. తిరిగి జవాబు చెప్పదు.

డాక్టర్ కూడా ఆ సంగతే అడిగాడు. "మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న ఇట్ల ఉండెనా?"

"లేదు సార్." చెప్పేశాను. ఎనిమిదేళ్లవాడంత చక్కగా.

"వాళ్ల అమ్మ వైపు?"

ఆయన కలం కాగితం మీద ఆగింది. నా బిడ్డ తలెత్తి చూసింది. "అమ్మ మీద రాయిస్తవా డాడీ?"

పెద్దబాపును ఏళ్లుగా లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ క్షణాన ఆయనకూ నాకూ తేడా వయసొక్కటే.

"ఆగండ్రి సార్. మా దిక్కే. మా మేనత్త..." మొదటినుంచి చెప్పాను. ఆయన ఒక వాక్యం రాసుకున్నాడు. అంతే. మిన్ను విరిగి మీద పడలేదు.

మొన్న ఆదివారం బిడ్డను హవేలిఘనపూర్ తీసుకుపోయాను. చిన్నత్తకు అరవై దాటాయి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, "నిద్ర పడ్తుందా బిడ్డా? పొద్దుగాలనే ఎక్కువ బరువుంటది గదా?" అని అడిగింది.

నా బిడ్డ "అవును" అన్నది. నన్ను బయట కూర్చోమన్నారు. రెండు గంటలు కూర్చున్నాను.

దీన్ని రాయనా అని ఇద్దరినీ అడిగాను. బిడ్డ సరే అన్నది. చిన్నత్త మాత్రం, "రాయిరా. నలభై ఏండ్లు దాటె. నీకేమైందే అని ఒక్కడు అడగలే. నువ్వు సుత అడగలే" అన్నది.

కాలం మారిందంటారు... నిజమే. ఇప్పుడు డాక్టర్లున్నారు, మందులున్నాయి, జబ్బుకు దాని పేరు దానికుంది. ఖాందాన్‌లకే ఇంకా సిగ్గు రాలేదు. పెద్దబాపు ఈ గ్రూపులోనే ఉన్నాడు, రోజూ పొద్దున అందరికీ పువ్వుల బొమ్మ పంపుతాడు. చదవనీ.

మీ ఇళ్లలో లోపలి అర్రలో ఎవరుండేవారు? వాళ్లకు ఏ జబ్బు పేరు పెట్టారు? కింద రాయండి... వాళ్లింకా బతికుంటే, రాసేముందు ఒకసారి పోయి పక్కన కూర్చుని, వాళ్లనే అడగండి.