పాపాయమ్మ వయసు బేరం

"అరవై నాలుగా? పాసిపోయిన సేపకి కూడా అంత రేటు సెప్పరు బాబూ. యాబైకి ఏసుకో."

అరవై నాలుగన్నది తను కాదు, కంప్యూటరని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే గవర్రాజు మొరపెట్టుకున్నాడు.

"దానికి నోరుంటే దాంతోనే మాటాడుదును."

చేపల రేవులో పాపాయమ్మ బేరమాడని వస్తువు లేదు. అన్నిట్లోకీ గట్టి బేరం మాత్రం తన వయసు మీదే. మామ్మా అని పిలిచినవాడికి ఆవిడ చేప అమ్మదు. ఆధార్ కార్డు చూపించమంటే పుట్టిన సంవత్సరం మీద బొటనవేలు అదిమిపెట్టి మరీ చూపిస్తుంది.

ఆసుపత్రిలో జరిగే పరిశోధన నెత్తిన బరువు మోసే ఆడవాళ్ళ గురించి. వేలకొద్దీ ఎక్స్‌రేలు చూసి చూసి ఆ కంప్యూటరు ఒక విద్య నేర్చింది. కార్డులో ఏ వయసున్నా, లోపలి ఎముక ఎంత ముసలిదయిందో చెప్పేస్తుంది. పాపాయమ్మకు అసలు వయసు కన్నా రెండేళ్ళు తగ్గించే చెప్పింది. ఆవిడకు ఆనలేదు. మర్నాడు మిషను తనకు యాభై ఇచ్చిందని రేవంతా చాటింది.

పక్కనే కూర్చుని అమ్మే జోగమ్మకు అది కారం రాసినట్టయింది. ఇద్దరికీ మాటల్లేవు. కానీ నిండు గంపను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు, పగవాళ్ళయినా చెయ్యివ్వాల్సిందే. రోజూ చెరో పక్కకు మొహాలు తిప్పుకుని ఒకరి గంప ఒకరు ఎత్తుతారు.

ఆసుపత్రి పేరెత్తితే ఆమడ దూరం పోయే జోగమ్మ వారం తిరక్కుండా వచ్చి నిలబడింది. "ఆ ముసిల్దానికి యాబయ్యా? నాది తియ్యి. నలబై దాటితే అడుగు."

ఆవిడకు అరవై. ఎముకకు డెబ్బై ఎనిమిదంది కంప్యూటరు. డాక్టర్ సత్యశ్రీ కూడా చూసి, వెన్నుపూస ఒకటి అప్పటికే నలిగిందని, గంప మానేసి మందులు వాడకపోతే మంచాన పడుతుందని చెప్పింది. మిషను పాపాయమ్మకు చుట్టమని తిట్టి, మందులు అక్కడే వదిలేసి జోగమ్మ వెళ్ళిపోయింది. ఆ తిట్లు రేవులోనూ సాగాయి.

పాపాయమ్మ మళ్ళీ ఆసుపత్రికి వస్తుంటే, గెలుపు చెప్పుకోడానికనుకున్నాడు గవర్రాజు. ఆవిడ బల్ల మీద కూలబడింది.

"దాని గంప ఎత్తీది నానే కదా బాబూ. బరువు పడగానే నడుం ఎలా కుంగిపోతందో నా సేతులకి తెల్సు. రమ్మంటే వొస్తాదేటి? అందుకే యాబై అని కూసేను."

"ఇప్పుడు మందులు ముట్టనంటోంది కదత్తా."

పాపాయమ్మ కొంగు ముడి విప్పి కార్డు తీసింది. అలవాటుగా బొటనవేలు పుట్టిన సంవత్సరం మీదకు పోయింది. బొటనవేలు పక్కకు జరిపి, అతని చేతిలో పెట్టింది.

"ఇది దానికి సూపెట్టు. మిషను సెప్పింది కూడా సెప్పు. దానికన్నా ఆరేళ్ళు పెద్దదాన్ని, అక్కని. అక్క మాటని మందేసుకోమను. కూకుని అమ్మమను, రెండు గంపలూ నానే మోస్తాను. యెల్లు, రేవు మీదే ఉంటాది."

గవర్రాజు గుమ్మం దాటుతుండగా వెనక నుంచి మళ్ళీ వినబడింది.

"దారిలో ఇంకెవులైనా అడిగితే మాత్రం యాబై అని సెప్పు."