ఆయన సంతకం కింద నా అభిప్రాయం

ఆదివారం మా ఇంటి అరుగు మీద కూర్చుని బ్యాంకును తిట్టుకోవడం మా ఆయనకూ ఆయన స్నేహితులకూ అలవాటు. ఆయన కర్నూలులో గుమాస్తాగా పనిచేసే ఆ బ్యాంకు చాలా పెద్దది, దేశమంతా బ్రాంచీలున్నాయి. బ్రాంచికి పెద్దయిన ఏజెంటు గారు ముఖం చూసి మాట్లాడరనీ, పద్దు కుదిరేదాకా ఎవరినీ ఇంటికి వదలరనీ వాళ్లు చెప్పుకుంటుంటే, లోపల కాఫీ కలుపుతూ వినేదాన్ని. వాళ్ల ప్రతి ఫిర్యాదుకూ నాకు కడుపు మండేది. నేనూ బి.ఏ. చదివాను, ఆయన కంటే మంచి మార్కులతో. నన్ను కోప్పడే ఏజెంటు లేడు, పని ముగిసే వేళా లేదు. అప్పటికి ఎనిమిది నెలల పాప ఉంది. జలుబు చేస్తే చాలు, డొక్కలెగరేస్తుంది. అలాంటప్పుడు దాని ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటాను.

అందరికంటే నాకు కంటగింపు ఆ బ్యాంకు టైపిస్టు అమ్మాయి. కోయిలకుంట్ల దగ్గరి క్రైస్తవుల పిల్ల, మిషన్ బడిలో చదివింది, నాకంటే మూడేళ్లు చిన్నది. చర్చి నుంచి వస్తూ వస్తూ మా వంటింట్లోకి వచ్చి పీట వేసుకునేది. చేతికి సన్నని వాచీ ఉండేది.

"నీదే సుఖం అక్కా. పొద్దున్నే ఎవరికీ నమస్కారం పెట్టే పని లేదు" అంది ఒకసారి.

"నాకు పెట్టేవాళ్లూ లేరులేమ్మా" అన్నాను.

అది నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ వేసవిలో హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. బ్యాంకులో పనిచేయడం గురించి ప్రతి ఉద్యోగీ తన అభిప్రాయం, ఇష్టమైనవీ కష్టమైనవీ, ఇంగ్లీషులో ఒక పేజీ రాసి సంతకం చేసి పంపాలి. కడప బ్రాంచిలో ఒక ఖాళీ ఉందని అప్పటికే అందరికీ తెలుసు. కడపలో మా అమ్మ ఉంది. పాపకు ఊపిరాడనప్పుడు పక్కన అమ్మ ఉంటే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

"కష్టాలన్నీ రాయప్పా" అన్నాడు ముసలి క్యాషియరు సాయిబు, అరుగు మీద మా ఆయనతో. "శానా బాగుండాదని రాసినావనుకో, ఈడనే పాతేస్తారు నిన్ను."

"మరి నువ్వేం రాస్తాండావు?"

"రిటైరయ్యేవానికి అభిప్రాయం యాడుంటాదప్పా?"

మా ఆయన కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వే రాయి, నీ ఇంగ్లీషు బాగుంటాది. కష్టాలు రాసి, ఆఖర్న కడప అడుగు."

కష్టాలు నాలుగు వాక్యాల్లో అయిపోయాయి. ఇష్టమైనవి కూడా రెండు ముక్కలు రాద్దామనుకున్నాను. చేయి ఆగలేదు. పది గంటలకు వెళితే ఇంకెవరూ కూర్చోని కుర్చీ ఒకటి నా కోసం ఉంటుందని రాశాను. చేసిన పని ఉతికిన గుడ్డలా సాయంత్రానికి మళ్లీ మాసిపోదని రాశాను. ఊళ్లో పెద్ద వ్యాపారి కూడా నా సంతకం కోసం నిలబడతాడని, లేచేటప్పుడు సిరాబుడ్డికి మూత పెడితే ఆ రోజు నిజంగా ముగుస్తుందని రాశాను. ముప్పావు పేజీ నిండింది. కడప మాట అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వరుసలో ఇరికించాను.

వోచరు మీద తేదీ చెరిగి ఉంటే వెనక్కి పంపే మనిషి ఆయన. ఆ కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టారు. "పొద్దంతా చదివి చదివి వచ్చినా. నీది గూడా చదవల్లనా?" అన్నారు.

నెల దాటాక కడప ఖాళీ టైపిస్టుకు దక్కింది. ఆమె రాసింది నాలుగే వాక్యాలట. ఇక్కడ ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు, కడపలో ఉంది అనేదే వాటి సారం. మా ఆయనను ఏజెంటు గారు పిలిచి, ఇంత ఇష్టంగా పనిచేసేవాడు ఇక్కడే ఉండాలని ఇనపగది రెండో తాళంచెవి చేతిలో పెట్టారు. ఆ గదికి రెండు తాళాలు. ఒక చెవి ఏజెంటు దగ్గర, ఒకటి ఈయన దగ్గర. ఒక్కరే తెరవలేరు. చెవి ఉన్నవాడు సెలవు లేకుండా ఊరు దాటకూడదు, ఆదివారమైనా సరే.

ఆయన చెవిని మొలతాడుకు కట్టుకుని వచ్చారు. "ఏం రాసినావు?"

నేను దాచుకున్న నకలు తీసి ఇచ్చాను. నిలబడే రెండుసార్లు చదివారు.

"ఇదంతా నాకిష్టమని ఎవరు చెప్పినారు నీకు?"

"మీకు కాదు, నాకు."

"అట్లయితే నీ పేరుతో రాసుకోవల్ల."

"నా పేరుతో రాస్తే ఎవరు చదువుతారు?"

ఆయన కాగితం మడిచారు. "పాప సంగతి మర్చిపోయినావా?" అని మెల్లగా అడిగారు.

లేదన్నాను. నిజానికి ఆ ముప్పావు పేజీ రాసినంత సేపూ మర్చిపోయాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. పాప నిద్రపోయింది కాబట్టి ఇప్పుడు ఇక్కడ రాయగలుగుతున్నాను.

వానలు మొదలుకాగానే పాప మళ్లీ డొక్కలెగరేసింది. కొంచెం తేరుకున్నాక నేనొక్కదాన్నే దాన్ని తీసుకుని కడప బస్సెక్కాను. ఆయన బస్టాండు దాకా వచ్చి ఆగిపోయారు. అదే బస్సులో టైపిస్టు, కొత్త బ్రాంచిలో చేరడానికి వెళుతోంది. నా పక్కనే కూర్చుంది.

"కడప ఏజెంటు ఇంకా కోపిష్టి అంటక్కా" అంది నంద్యాల దాటాక.

ఓపిక పోయింది. "నువ్వు రాయకుంటే ఆ ఖాళీ మా ఆయనకు వచ్చేది" అన్నాను.

"ఆ బ్రాంచిలో ఏడు గంటలు నీళ్లు తాగకుండా కూర్చొని చూడక్కా" అంది.

పాప దాని వాచీ కోసం చేయి చాపింది. అది తన బదిలీ ఉత్తర్వు ఉన్న బ్యాంకు కవరు నాకిచ్చి పాపను ఒళ్లోకి తీసుకుంది. కవరు మీద దాని పేరు, కింద హోదా, టైపు అక్షరాల్లో. మడత పడకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. మైదుకూరులో పాప దాని భుజం మీద నిద్రపోయింది. ఊపిరి బాగానే ఆడుతోంది.

"ఇంక ఇయ్యక్కా, నీకెందుకు బరువు" అంది.

"ఉండనీ. దిగేటప్పుడు ఇస్తాలే" అన్నాను.