బాణం ఆగిన రోజులు

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ మొరాయిస్తే, వాళ్ళ ఆఫీసు అబ్బాయి ఎవరో బెంగళూరులో కూర్చుని దాన్ని బాగుచేస్తానన్నాడట. మా పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెరమీద బాణం గుర్తు దానంతటదే అటూ ఇటూ తిరుగుతూ, ఒక్కొక్కటే తెరుస్తూ మూస్తూ పోయింది. చాయ్ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళిన నేను అక్కడే నిలబడిపోయాను. మన వయసువాళ్ళకు అది దయ్యం పట్టినట్టే అనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు, కానీ నేను నిలబడిపోయింది అందుకు కాదు, ఒకప్పుడు అట్లా ఒక ఆఫీసులో అందరి కళ్ళ ముందూ తిరిగిన దయ్యాన్ని నేనే.

ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాని రోజులవి, ఇవాళ బంద్ అంటే రేపు ధర్నా. నారాయణగూడలో మెయిన్ రోడ్డు నుంచి రెండు గల్లీలు లోపలికి, మామయ్య కట్టించిన ఇంట్లో మేం పైన ఉండేవాళ్ళం, కింద కిరాయికి ఇచ్చాం. నేను అశోక్‌నగర్‌లో ఒక పబ్లిషరు దగ్గర డీటీపీ చేసేదాన్ని, అంటే సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల కోసం గైడ్లు తెలుగులో టైపు కొట్టి పేజీలు పెట్టే పని. పని కూడా ఇష్టమే గానీ, నిజం చెప్పాలంటే నాకు ఆ పనికి పోయే నడక ఎక్కువ ఇష్టం. పొద్దున వంట ముగించి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని గల్లీ మలుపు తిరిగానంటే ఇక నేను ఎవరి కోడల్నీ కాదు, ఎవరి భార్యనూ కాదు. చిక్కడపల్లిలో కొత్తిమీర కట్టలమీద నీళ్ళు చల్లే ఆమెతో ఒక మాట, పూలమ్మే ముసలాయనతో ఒక బేరం, అశోక్‌నగర్ చేరేసరికి హాస్టళ్ళ ముందు చాయ్ బండ్ల దగ్గర గుంపులు కట్టి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందోనని కొట్లాడుకునే పిల్లలు, వాళ్ళలో ఎవరి చేతిలోనైనా నేను పేజీలు పెట్టిన పుస్తకం కనబడిందా, ఆ రోజంతా నా అంత గొప్పది లేదు. ఎంత దూరమని, అరగంట నడక. కానీ రోజు మొత్తంలో నాది అని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

ఒక వానాకాలం మామయ్య బాత్‌రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, కానీ ఆ కాలు మళ్ళీ నేలమీద ఆనలేదు. ఆయన సిటీబస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, బతుకంతా నిలబడే గడిపారు, ఇంట్లో అన్నం కూడా సగం సార్లు గోడకానుకుని నిలబడే తినేవారు. అట్లాంటి మనిషి మంచానికి అంటుకుపోయారు. అత్తయ్య నేను కాపురానికి రాకముందే పోయారు, మా ఆయన పొద్దున ఆఫీసుకు పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరేవారు, అమ్మాయి అప్పటికి బడిపిల్ల. నేను ఉద్యోగం మానేయడం తప్ప వేరే దారి లేదని చుట్టాలంతా మెల్లగా, అంటే నాకు వినబడేంత మెల్లగా, అనుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా ఆడబిడ్డ కొడుకు దేవుడిలా దిగాడు. మా పనిలో చిక్కేమిటంటే, ఆ తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌కు బొటనవేలంత తాళం ఒకటుండేది, దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే అక్షరాలు వస్తాయి. ఆఫీసుకంతటికీ అట్లాంటి తాళం ఒక్కటే, అది నా మిషన్‌కే ఉండేది, మా సారు దాన్ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. మా వాడు ఒక ఆదివారం వచ్చి, ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టి, ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి, పాస్‌వర్డు కొట్టగానే, అశోక్‌నగర్‌లో ఉండే నా మిషన్ తెర ఉన్నదున్నట్టు నారాయణగూడలో ప్రత్యక్షమైంది. ఇక్కడ మౌసు జరిపితే అక్కడ బాణం కదులుతుంది, ఇక్కడ నొక్కితే అక్కడ అక్షరం పడుతుంది. "అత్తా, ఇగ నువ్వు ఆఫీసుకు పోవుడే అవసరం లేదు, ఖుషీయేనా?" అన్నాడు వాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది, మా సారు ఫోన్లోనే శభాష్ అన్నాడు, చుట్టాలు నా అదృష్టానికి కుళ్ళుకున్నారు. అందరూ నవ్వుతుంటే నేను ఒక్కదాన్ని ఏడుపు ముఖం ఏం పెడతాను, నేనూ నవ్వాను.

కంప్యూటర్‌ను మామయ్య గదిలోనే పెట్టారు, ఆయన్ని చూసుకుంటూ పని చేసుకోవచ్చని. ఆ గదికి ఒకటే కిటికీ, అది తెరిస్తే పక్కింటి గోడ. అప్పటి ఇంటర్నెట్ సంగతి మీకు తెలియనిదేముంది, నేను ఒక అక్షరం కొట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాక అది తెరమీదికి వచ్చేది, దాని ఒత్తు ఇంకాస్త తీరిగ్గా వచ్చేది. దానికి అలవాటుపడ్డాను. అలవాటుపడలేనిది వేరొకటుంది. ఆఫీసులో నా మిషన్ హాలు మధ్యలో ఉండేది, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరికీ తెర కనబడేది, మొదటి రోజుల్లో మనిషి లేకుండా కదిలే బాణాన్ని చూడటానికి పక్క షాపులవాళ్ళు కూడా వచ్చేవారట. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని నేను లేస్తే అక్కడ బాణం ఆగిపోతుంది, వెంటనే మా సారు ఫోన్. "ఏమైందమ్మా, బాణం కదుల్తలేదు?" మామయ్యకు పక్క మారుస్తుంటే ఫోన్, పాలవాడికి తలుపు తీస్తుంటే ఫోన్. ఆఫీసులో ఉన్నప్పుడు కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఇంట్లో ఉన్నాక ఊపిరి తీసుకోవడానికి ఆగినా ఆఫీసుకంతా తెలిసిపోయేది. బంద్ రోజు ఊరంతా సెలవు, నా బాణానికి లేదు. ఇటు ఇంట్లో చూస్తే, మనిషి ఇంట్లోనే ఉంది కదా అని గ్యాస్ బండ నుంచి కిందివాళ్ళ నీళ్ళ మోటారు దాకా అన్నీ నా నెత్తిమీదే. అట్లా వారాలు గడిచాయి, చెప్పులు గుమ్మం దగ్గర దుమ్ముకొట్టుకుపోయాయి. ఒకరోజు వాటిని తుడుస్తూ ఏడ్చేశాను. ఎవరితో చెప్పుకోను? అందరూ నా మంచికే చేశారు, తప్పు ఎవరిదీ లేదు, మరి నా కాళ్ళకు ఈ బేడీ ఎవరు వేసినట్టు? మామయ్య కళ్ళు మూసుకునే ఉన్నారు, పడుకున్నారనుకున్నాను.

ఆ తరువాత కొద్ది రోజులకే కోతలు మొదలై అశోక్‌నగర్‌లో కరెంటు పోయింది. అప్పట్లో ఒక్కో ఏరియాకు ఒక్కో టైములో కోత కదా, మా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది, తెరమీద బాణం మాత్రం బిగుసుకుపోయి, ఆ తరువాత తెరే మాయమైంది. కరెంటు వచ్చినా ఎవరైనా అక్కడ బటన్ నొక్కి, నా పాస్‌వర్డు కొట్టి, ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ తెరవాలి. ఒకసారి ఎవరో నొక్కకూడనిది నొక్కి సగం పుస్తకం మాయం చేసినప్పటి నుంచి ఆ మిషన్‌మీద నేను తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదని మా సారు హుకుం. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడితే మామయ్య మంచంమీద నుంచే, "పో బిడ్డా, పోయి మిషన్ చాలూ చేసి రా. నేనెటు పోత?" అని, కుడిచెయ్యి పైకెత్తి, పాత కండక్టరు గొంతుతో "రైట్ రైట్!" అన్నారు. కింది ఇంటామెను మధ్యలో ఒకసారి చూడమని చెప్పి, చెప్పులు వేసుకున్నాను.

ఆ రోజు ఎట్లా నడిచానో చెప్పలేను. బటన్ నొక్కడానికి ఎంతసేపు, కానీ వచ్చినదాన్ని ఊరికే పోనిస్తారా, ప్రూఫులు చూసే అక్క పేజీలు ముందేసుకుని కూర్చోబెట్టింది, చాయ్ తెప్పించింది, నేను ఇల్లు చేరేసరికి రెండు గంటలు దాటింది. మామయ్య కోప్పడతారనుకుంటే, చిక్కడపల్లి రోడ్డుమీద ట్రాఫిక్ ఎట్లుంది, బస్సులు ఖాళీగా పోతున్నాయా, కొత్త దుకాణాలేమన్నా పడ్డాయా అని ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నారు. ఆ తరువాత వారానికొకసారి, ఒక్కోసారి రెండుసార్లు, అశోక్‌నగర్‌లో కరెంటు పోవడం మొదలైంది. ఊరంతా కరెంటు ఆఫీసును తిట్టిపోస్తుంటే నేను మాత్రం వాళ్ళ పిల్లాపాపలు చల్లగుండాలని మొక్కేదాన్ని.

మామయ్యతో నాకు గొడవ ఒక్కచోటే వచ్చేది, చాయ్ దగ్గర. పొద్దున లేవగానే చాయ్ పడకపోతే మనిషిగా మాట్లాడని ఆయన, కొన్ని రోజులు గ్లాసు నోటిదాకా తెచ్చినా "వద్దు బిడ్డా, కడుపు మంచిగ లేదు" అని తల తిప్పేసేవారు. మంచినీళ్ళు కూడా పెదవులు తడుపుకునే అంతే. ముసలితనంలో ఈ మొండితనమేంటని నేను గట్టిగానే కసిరేదాన్ని. అదే రోజు సాయంత్రం నేను ఆఫీసుకు పోయి వచ్చేసరికి కడుపు బాగైపోయి, గ్లాసుమీద గ్లాసు తాగేవారు. విచిత్రమైన మనిషి అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే తీరిక నాకెక్కడిది?

రెండో ఏడు చలికాలంలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. దినాలన్నీ అయ్యాక నేను మళ్ళీ రోజూ ఆఫీసుకు నడవడం మొదలుపెట్టాను. అదే గల్లీ, అదే కొత్తిమీర ఆమె, కానీ సాయంత్రం ఇంటికి వస్తే రోడ్డు సంగతులు అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు మధ్యాహ్నం ప్రూఫుల అక్క నా పక్కన కూర్చుని, చెప్పాలా వద్దా అని నసిగి నసిగి చివరికి చెప్పింది. "నిజంగ కరెంట్ పోయింది తక్కువ సార్లేనే. మిగిలినయన్నీ నేను గోడకున్న స్విచ్ తీసిన. మీ మామ ఫోన్ చేసేటోళ్ళు. మా కోడలు వారం సంది గడప దాటలేదమ్మా, జర ఆ మిషన్ బంద్ చెయ్యి, ఆమెకు చెప్పకు అనేటోళ్ళు. సారు బయటికి పోయినంక, నువ్వు పేజీ సేవ్ చేసేదాంక చూసి తీసేదాన్ని, నీ పని ఖరాబ్ కావద్దని."

నేను స్నానానికి పోయినప్పుడు, దిండు కింద ఉండే ఆ బటన్ల ఫోన్‌లో, గోడ క్యాలెండర్‌మీద నేనే రాసిపెట్టిన అక్క నంబరు చూసి కొట్టేవారన్నమాట. అప్పుడు తట్టింది చాయ్ సంగతి. ఏ రోజు నన్ను బయటికి పంపాలనుకున్నారో ఆ పొద్దున చాయ్ వద్దనేవారు, నీళ్ళు వద్దనేవారు, ఎందుకంటే నేను లేని ఆ రెండు గంటల్లో ఒంటికి వస్తే పరాయి ఆడమనిషిని, కింది ఇంటామెను, బెడ్‌ప్యాన్ పెట్టమని అడగాలి. అడగలేక, నన్ను ఆపలేక, గొంతు ఎండబెట్టుకుని పడుకునేవారు. ఆ మనిషిని నేను మొండి అన్నాను. ఆఫీసని కూడా చూడకుండా బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను, అక్క నా వీపు నిమురుతూనే ఉంది.

ఇప్పుడు మేము అదే ఇంట్లో ఉన్నాం, మామయ్య గదిలోనే మా అమ్మాయి పొద్దున కూర్చుంటే చీకటిపడేదాకా కూర్చుంటుంది, ఇంటి నుంచే ఉద్యోగం, తెరలో ఎవరో చూస్తూనే ఉంటారట, పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకూడదట. కరెంటు ఇప్పుడు పోదు, సంతోషమే, కోతలు లేని కాలం రావాలని మనమే కదా కోరుకున్నాం. దాని చెప్పులు గుమ్మం దగ్గర ఎన్నాళ్ళ నుంచి కదలలేదో చూసి నిన్న మధ్యాహ్నం నాకు ఉండబట్టలేదు. హాల్లోకి వెళ్ళి, ఇంటర్నెట్ డబ్బా స్విచ్ తీసేసి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడి, "నెట్ పోయినట్టుంది బిడ్డా, జర గట్ల చిక్కడపల్లి దాక నడిచి రాపో" అన్నాను, చెయ్యి పైకెత్తి రైట్ రైట్ అనడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. అది పక్కనున్న సెల్‌ఫోన్ అందుకుని, వేలితో రెండుసార్లు నొక్కి, అందులోంచి నెట్ కలుపుకుని, "ఏం కాలేదమ్మా, నడుస్తుంది" అంది, తెరమీద నుంచి తల కూడా ఎత్తకుండా.