రెండు ఫిడేళ్లు, నాలుగు కంప్రెసర్లు

సంగీతమంటే చెవి కోసుకుంటామని అందరూ అంటారు. అన్నమాట ప్రకారం నిజంగా కోసుకున్న మూర్ఖుణ్ని మాత్రం నేనే. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, నాలుగు కంప్రెసర్లున్న గదిలో ఆపరేటర్‌ని. ఆ రొద తగలకుండా చెవులకు పెట్టుకోమని కంపెనీ డొప్పలిచ్చింది. నేను వాటి కింద వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు దూర్చి, కంప్రెసర్లను మించేలా సౌండ్ పెంచి, ఏళ్ల తరబడి ఒకే క్యాసెట్ విన్నాను. కాపలాకిచ్చిన ఇంట్లోనే దొంగకు మంచం వేశాను.

ఆ క్యాసెట్ ఇచ్చింది మిషన్లు బిగించడానికొచ్చిన జర్మన్ ఇంజనీరు. అతని ఇంగ్లిషూ నా ఇంగ్లిషూ సమానంగా కుంటేవి కాబట్టి స్నేహం కుదిరింది. అందులో ఉన్నవి ఎప్పుడో రాజుల కాలంలో బతికిన తమ దేశపు సంగీతకారుడి పాటలంటూ, ఆయన కథ క్యాంటీన్‌లో చెప్పాడు. పదేళ్లు నిండేసరికే తల్లీ తండ్రీ పోయారట. కుర్రతనంలో ఒక పెద్దాయన ఆర్గన్ వాయిస్తే వినాలని రోజుల తరబడి నడిచి వెళ్లి, నాలుగు వారాల సెలవుకు నాలుగు నెలలు ఉండిపోయాడట. మా దగ్గరైతే గేటులోనే చార్జిషీటు చేతికొచ్చేది. తర్వాత కొలువు వదిలేస్తానని పట్టుబడితే ప్రభువు జైల్లో పెట్టాడట. ఇరవైమంది పిల్లల్లో సగంమందిని మట్టిలో పెట్టుకున్నాడు. చివరికి చూపు మందగిస్తే, ఊళ్లు తిరిగే కంటివైద్యుడొకడు రెండుసార్లు కోసి ఉన్నదీ పోగొట్టాడు.

ఇంత బతుకులోంచి వచ్చిన సంగీతంలో ఎక్కడా మొర లేదు. ఒక నెమ్మదైన పాటలో రెండు ఫిడేళ్లుంటాయి. ఒకటి అన్నది రెండోది అందుకుంటుంది. అది ముగించకముందే మొదటిది మళ్లీ ఎత్తుకుంటుంది. పత్తి ఏరుతూ రెండు సాళ్లలో సాగే అక్కచెల్లెళ్ల మాటల్లాగా. నా ఎనిమిది గంటల షిఫ్టును గడిపించింది వాళ్లిద్దరే.

ఒక ఆదివారం కర్దనూర్‌లో మా ఇంటి అరుగు మీద అదే పాట పెట్టాను. కింద మోగే బరువైన తీగలు వినిపించాయి గానీ ఫిడేళ్లు లేవు. వాక్‌మన్‌లో సెల్లు మార్చాను. స్పిరిట్‌లో దూది ముంచి టేపు తగిలే హెడ్డు తుడిచాను. లేవు. మా ఆవిడ వచ్చి భుజం కుదిపింది.

"ఎప్పటిసంది పిలుస్తున్ననయ్యా! చెవుల్ల ఏం పోసుకున్నవ్?"

"సంగీతం."

"అన్నం సల్లగైంది. గా సంగీతమే కలుపుకొని తిను ఇగ."

మర్నాడు పటాన్‌చెరులో రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి పోయి, టేపు పాడైందన్నాను. అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"మంచిగనే ఉన్నది కదన్నా! ఇద్దరు ఫిడేలు ఎంత సన్నగ వాయిస్తున్రు!"

వాక్‌మన్ జేబులో వేసుకుని బస్టాండు దాకా నడిచాను. వెనక లారీ వస్తున్నదో లేదో తిరిగి చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ సంగీతకారుడి చూపు వైద్యుడు పోగొట్టాడు. నా చెవులు నేనే పోగొట్టుకున్నాను. తిట్టడానికి ఇంకొకడు కూడా లేడు.

మిగిలిన వినికిడైనా దక్కించుకోవాలని, స్టోర్సుకు మార్చమంటూ సేఫ్టీ ఆఫీసర్‌ని బతిమాలాను. ఆయన రిజిస్టరు తీశారు. ఏటా వినికిడి పరీక్ష పేరుతో కాంపౌండరు మా వెనక నిలబడి పేర్లు పిలుస్తాడు. తిరిగినవాడు నార్మల్. తిరగనివాడిని ఇంటికి పంపేస్తారేమోనని, వాడి పేరు రాగానే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. అది మా గదిలో ఆచారం. నేనూ ఎందరినో పొడిచాను, నన్నూ పొడిచారు. అలా అన్నేళ్లూ నా పేరు పక్కన నార్మలే.

"సార్, గా రాసిందంతా ఉత్తదే. మావోళ్లు పొడిస్తే తిరిగిన."

"సంతకం నీదే కదా? చెవులు బాగున్నోడికి స్టోర్సు ఎందుకయ్యా? పో, డ్యూటీ చూసుకో."

మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అదే రిజిస్టరు, అదే పేజీ. ఆ నెలల్లో కింది తీగలు కూడా ఒక్కొక్కటే పోవడం మొదలైంది. క్యాసెట్ పెట్టాలంటేనే భయమేసేది.

అప్పుడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ తనిఖీకొచ్చాడు. ఆఫీసర్ నన్ను తన గదికి పిలిపించి, ఇన్‌స్పెక్టర్ ముందే ఏదో తెమ్మన్నారు. వినపడలేదు. గట్టిగా అన్నారు. నిజం చెప్పొద్దూ, ఈసారి వినపడింది. డొప్పలు తెమ్మంటున్నారు. అయినా కదల్లేదు. మూడోసారి, నాలుగోసారి అరిపించడం మాత్రం నా స్వార్జితం. ఆఫీసర్ మెడనరాలు ఉబ్బాయి. ఇన్‌స్పెక్టర్ తన చెవి ముట్టుకుని, చెవుడా అన్నట్టు నా వైపు చూశాడు.

"లేదు సార్," అన్నాను చేతులు కట్టుకుని. "నా చెవులు నార్మలని సారే ఏటేటా రాసిండ్రు. ఆ రిజిస్టరు సూడుండ్రి. సార్‌కే గొంతు పోయినట్టున్నది. జెర దవాఖానల సూపియ్యుండ్రి."

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు కోసం చెయ్యి చాచాడు. ఆఫీసర్ నోరు తెరిచి, మూశారు. ఆ ఒక్కసారి నాకేమీ వినపడకపోవడం నా చెవుల తప్పు కాదు.