ఎర్ర దారం కట్టిన రబ్బరు టోపీ

బండి ఆగి ఉన్నప్పుడే ఎందుకు వణుకుతోంది, పరుగెత్తేటప్పుడు ఎందుకు వణకడం లేదు? ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా వేసుకుని ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. ఎవరూ వేసుకోలేదు. ప్లగ్గులు మార్చారు, వైర్లు మార్చారు, చివరికి ఇంజన్ అయిపోయిందన్నారు. అయిపోయిందనడం ఎంత సులువో! నా చెవుల గురించి డాక్టరు కూడా ఇదే మాట అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ బండి మా కోడలిది. సీటు ఎత్తితే కింద ఇంజన్ కనిపించే పాత వ్యాను. బతకడానికి వచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, పర్వత్ పాటియాలోని మా ఇంట్లో తెల్లారకముందే పొయ్యి వెలిగించి, జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు డబ్బాలకెత్తి, జోల్వాలో మన తెలుగువాళ్లు పనిచేసే మరమగ్గాల షెడ్డుకు తానే నడుపుకుంటూ తీసుకుపోతుంది. అంతకుముందు ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. ఆ జిగురు వాసనకు, ఆ చిన్న రాళ్లకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. బండి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఆ పనిలోంచి బయటపడింది.

ఇప్పుడు ఆ బండి వణకడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజన్ దడదడమని ఆగిపోయేది. మా అబ్బాయి హజీరాకు కంపెనీ బస్సులో పోయివచ్చేవాడు, వాడికి తీరికా లేదు, ఓపికా లేదు. అమ్మేద్దామని ఎవరినో మాట్లాడాడు. ఆదివారం పొద్దున వచ్చి చూస్తామన్నారు. శుక్రవారం సాయంత్రం కోడలు చీరల మూట మళ్లీ ఇంట్లోకి తెచ్చింది. గోడవార దాన్ని చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది.

శనివారం మధ్యాహ్నం జోల్వా నుంచి తిరిగివచ్చి, బండి వాకిట్లో నిలిపి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఎదురుగా నిలబడి మాట్లాడితేనే నాకు అర్థమవుతుందని ఆమెకు తెలుసు.

"మామా, జర వచ్చి చూస్తవా? రేపు ఇచ్చేసేదాంక నా బండే గదా."

"గ్యాసు మీద వణుకుతాందా, పెట్రోలు మీదనా?"

"రెండిటి మీద గట్లనే. ఆగితే డబ్బాల మూతలు కొట్టుకుంటయి, పప్పు ఒలుకుతది. రోడ్డెక్కిందంటే గుళ్లె దేవుని లెక్క సల్లగుంటది."

"బ్రిడ్జి ఎక్కేటప్పుడు?"

"నిండా డబ్బాలున్నా ఎక్కుతది."

ఆ మాటల్లోనే సగం రోగం బయటపడింది. రెండు ఇంధనాల మీదా ఒకే తీరుగా వణికితే తప్పు గ్యాసుది కాదు, పెట్రోలుది కాదు. మిగిలింది నిప్పు, గాలి, వాల్వు. పేటలో మెకానిక్ వాల్వే అన్నాడు, "కాకా, ఇంజన్ ఖోల్‌నా పడేగా," ఇంజన్ విప్పాల్సిందే అని. కాకపోవచ్చని నేను అనడం లేదు. కానీ వాల్వు కాలిన బండి బరువుతో బ్రిడ్జి ఎక్కేటప్పుడు కూడా ఏడవాలి కదా. ఇది ఏడవడం లేదు. విప్పే ముందు చూడాలా వద్దా?

నేను బడిలో చదివింది తక్కువ. పాత సామాన్ల బజారులో దొరికిన హిందీ మరమ్మతు పుస్తకాలను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అంతకంటే ఎక్కువ మగ్గం దగ్గర నేర్చుకున్నాను. షెడ్డు మోతలో చెవులు పోయాక, మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనిస్తే ఎక్కడ దెబ్బ తప్పుతోందో తెలిసేది. అరచెయ్యికి మాత్రం ఇంకా ఏమీ కాలేదు.

బండి స్టార్ట్ చేయించి, వెనక పొగగొట్టానికి కొంచెం ఎడంగా చెయ్యి పెట్టాను. మూడు ఊపిర్లు చక్కగా వదులుతోంది, నాలుగోది మింగుతోంది. మళ్లీ మూడు, మళ్లీ మింగుడు. అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయడం లేదు.

ఏదో తెలియాలి. సీటు ఎత్తి, ఒక్కో సిలిండరుకు కరెంటు పోయే తొడుగు విప్పుతూ, మళ్లీ పెడుతూ వచ్చాను. చెవి ఆమెది. షెడ్డులో మేం మాట్లాడుకునే చేతి సైగలు ఆమెకూ వచ్చు. వణుకు పెరిగితే పిడికిలి బిగించాలి. మొదటిది విప్పితే పిడికిలి. రెండోది విప్పితే పిడికిలి. మూడోది విప్పితే చెయ్యి అలాగే ఊరుకుంది. భుజాలు ఎగరేసింది. ఉన్నా లేకున్నా తేడా లేదంటే దొంగ అక్కడే ఉన్నాడు.

మూడోదాని ప్లగ్గును, దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌ను మొదటిదానికి మార్చి చూశాను. రోగం వాటితోపాటు మొదటిదానికి పోతే నిప్పు లోపం. పోలేదు. మూడోదానిలోనే కూర్చుంది. ఇక ఇంజన్ విప్పకుండా చూడగలిగింది గాలి ఒక్కటే.

ఆగి ఉన్నప్పుడు ఇంజన్ గొంతు దాదాపు మూసుకుని, కొలత ప్రకారం కొంచెం గాలే పీలుస్తుంది. అప్పుడు ఏదైనా చిన్న సందులోంచి దొంగగాలి చొరబడితే ఆ కొంచెమే చాలా ఎక్కువ. నిప్పు అంటుకోదు. పరుగెత్తేటప్పుడు గొంతు బార్లా తెరిచి పీలుస్తుంది కనుక ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

"ఇస్త్రీకి నీళ్లు కొట్టే సీసా తే బిడ్డా."

"ఇంజన్‌కు ఇస్త్రీ చేస్తవా మామా?" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

వణుకు ఆగితే ఈసారి అరచెయ్యి తెరిచి చూపమన్నాను. కరెంటు వైర్లకు తగలకుండా, గాలి పోయే గొట్టాల అతుకుల మీద కొంచెం కొంచెం నీళ్లు కొట్టాను. పిడికిలి. ఇంకొంచెం కిందికి. పిడికిలి. మూడో గొట్టం అడుగున కొట్టగానే ఆమె చెయ్యి పువ్వులా విచ్చుకుంది. సందును మూసిన నీళ్లు లోపలికి పోగానే మళ్లీ ముడుచుకుంది. ఇంకోసారి కొట్టాను. మళ్లీ విచ్చుకుంది.

ఇంజన్ ఆపించి, టార్చి వేసి చూశాను. వాడుకలో లేని చిన్న గొట్టం మూతికి తొడిగిన రబ్బరు టోపీ ఒకటి పగిలి, ఒక పక్కకు లేచి ఉంది. ఆ సందు చుట్టూ తెల్లటి నూలు పోగులు మీసంలా అంటుకుని ఉన్నాయి. ఇంజన్ లోపలికి పీల్చినప్పుడు అక్కడ చిక్కుకున్న మగ్గాల దూది అది. విచిత్రమేమంటే మిగతా ఇంజనంతా తళతళలాడుతోంది. జోల్వా దుమ్ములో నిలబడే బండికి ఇంత శుభ్రం ఎక్కడిది?

"ఎవరు తుడుస్తున్నరు దీన్ని?"

"షెడ్డులోళ్లు. వారానికోసారి మగ్గాలకు గాలి పైపు కొడ్తరు గదా, అక్క బండి అని దీనికి గూడ కొడ్తరు. నేను అడగలే మామా. వాళ్లే సీటెత్తి మరీ కొడ్తరు."

మగ్గాల సందుల్లోంచి పోగులు ఎగరగొట్టే ఆ గాలి దెబ్బ నాకు తెలియంది కాదు. వేడికి పెళుసెక్కిన రబ్బరును అది లేపకుండా ఉంటుందా? నాకు వచ్చిన కోపానికి అప్పటికప్పుడు జోల్వా పోయేవాణ్ణి. ఆమె నా ఎదురుగా నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"తిట్టకు. వాళ్లు మంచిగ చేస్తున్నమనుకునే చేసిన్రు."

పేటకు పోయి మెకానిక్‌కు ఆ పగిలిన టోపీ చూపించాను. చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "అరె కాకా, యే తో దేఖా హీ నహీ," ఇది చూడనేలేదని ఒప్పుకుని, డబ్బాలో వెతికి కొత్తది, దాని మీదికి ఒక క్లిప్పు ఇచ్చాడు. అంత నిజాయితీగా ఒప్పుకున్నవాణ్ణి ఏమంటాం? టీ తాగి వచ్చి, కొత్త టోపీ తొడిగి క్లిప్పు బిగించాను.

ఆదివారం పొద్దున కొనేవాళ్లు వచ్చేసరికి బండి వాకిట్లో నిలిపి ఉంది, ఇంజన్ నడుస్తోంది. కోడలు సీటు మీద అంచుదాకా మజ్జిగ పోసిన గ్లాసు పెట్టింది. వచ్చినవాళ్లు దాన్ని చూశారు. మా అబ్బాయీ చూశాడు. మజ్జిగ ఒలకలేదు.

"బాపూ, ఆగదా ఇగ?" అన్నాడు.

"ఆగితే అప్పుడు నన్ను అమ్ము," అన్నాను.

వాడు నవ్వి, వచ్చినవాళ్లను గేటుదాకా సాగనంపాడు.

సోమవారం నేను కూడా డబ్బాలతోపాటు జోల్వా పోయాను. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా చెయ్యి సీటు మీద ఆనించి చూసుకున్నాను. షెడ్డులోకి పోయాక మగ్గాల మోతలో తిట్టాలన్నా సైగలతోనే తిట్టాలి. తిట్లకు మా దగ్గర మంచి సైగలే ఉన్నాయి. అన్నీ వాడాను. మగ్గాల మాస్టరు, సిరిసిల్ల వైపువాడు, మొదట నవ్వాడు. పగిలిన రబ్బరు అతని అరచేతిలో పెట్టేసరికి నవ్వు ఆగింది. నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"తాతా, సాఫ్ చేస్తున్నమనుకున్నం. అక్క బండినే ఖరాబు చేసినమా? ఇగ గాలి కొట్టుడు బంద్ చేస్తం."

"బంద్ చేస్తే బండిల దూది పేరుకుని పప్పుల పోగులొస్తయి," అంది కోడలు డబ్బాలు దించుతూ. "అప్పుడు నన్నే అంటరు. కొట్టుండ్రి, ఇంజన్ కాడ మాత్రం జర పక్కకు కొట్టుండ్రి."

మాస్టరు జేబులోంచి ఎర్ర దారం తీశాడు. షెడ్డులో మరమ్మతుకు విప్పిన మగ్గం స్విచ్చుకు ఎర్ర దారం కడతారు, ఎవరూ ముట్టుకోకుండా. సీటు ఎత్తి, క్లిప్పు కింద ఆ కొత్త టోపీకి దారం చుట్టి ముడి వేశాడు.

"ఇగ దీన్ని మా షెడ్డుల ఎవ్వడూ ముట్టడు."

సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు కోడలు ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆపి, లోపలికి పోయి చీరల మూట తెచ్చి వెనక వేసింది. రాళ్ల పని ఇచ్చే దుకాణం ముందు బండి నిలిపి, ఇంజన్ ఆపకుండానే దిగి, మూట తిరిగి ఇచ్చేయడానికి లోపలికి పోయింది. నేను సీటు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు ఊపిర్లూ వస్తున్నాయి.